సమాధానం: తడి మలుపులో బండి జారడం గురించి

సింహాచలం కొండ దిగుతుండగా తడి మలుపులో ముందు బ్రేకు పట్టగానే బండి జారిందని, ఇకపై ఆ బ్రేకును ముట్టుకోనని రాశారు. మోచేయి గీరుకోవడంతో పోయింది, సంతోషం. నిర్ణయం మాత్రం తప్పండీ. బ్రేకు వేస్తే బరువు ముందుకు వాలుతుంది. బండిని గట్టిగా ఆపేది ముందు చక్రమే. మీ పొరపాటు బ్రేకులో లేదు, వేసిన చోటులో ఉంది. మలుపులో పక్కకు వాలిన టైరుకు రోడ్డు మీదున్న పట్టులో చాలా భాగం మలుపు తిరగడానికే సరిపోతుంది, తడి రోడ్డు మీద మిగిలేది కొంచెమే. అందుకే మలుపుకు ముందే, బండి నిటారుగా ఉండగానే, రెండు బ్రేకులూ మెల్లగా పిండినట్టు పట్టి వేగం తగ్గించాలి. దిగేటప్పుడు తక్కువ గేరులో ఉండండి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో జారుకుంటూ రావడం మనవాళ్లకున్న పాడు అలవాటు.

ఇన్నేళ్లు నడిపాక శిక్షణ దండగ కదా అన్నారు. నేనూ పదిహేనేళ్ల అనుభవం ఉందన్న ధీమాతోనే శిక్షణకు వెళ్లాను. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో గీత దగ్గర ఆపమంటే మూడుసార్లూ దాటిపోయాను! వేగం రెట్టింపైతే బ్రేకు పట్టాక ఆగే దూరం సుమారు నాలుగింతలవుతుందని పుస్తకంలో చదవడం వేరు, చేతికి తెలియడం వేరు. శిక్షణకు వెళ్లేలోగా ఆదివారం పొద్దున్నే ఖాళీ మైదానంలో, హెల్మెట్ బిగించుకుని, 20 వేగంతో మొదలుపెట్టండి. ముందు చక్రం టైరు అరుగుదల కూడా ఒకసారి మెకానిక్‌కు చూపించండి.