మున్నేరు నదిలో నీళ్ల కింద తీసిన చేప ఫొటోల నిండా తెల్లచుక్కలు: సమాధానం

ఆ చుక్కలు ఎందుకొస్తున్నాయని అడిగారు కదా, తప్పు లెన్సుది కాదు. మీ కాళ్లు లేపిన మట్టి మీద ఫ్లాష్ పడి అలా చుక్కల్లా మెరుస్తోంది.

1. ఫ్లాష్ ఆపేయండి. పొద్దెక్కాక వచ్చే ఎండ చాలు.

2. చాలామంది మరిచేది ఇదే: స్నార్కెల్ (ముఖం నీళ్లలో ఉన్నా ఊపిరి పీల్చుకునే గొట్టం) పెట్టుకున్నాక ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి బోర్లా పడుకోవాలి. అప్పుడు లేచిన మట్టి కాళ్ల వెనక్కే కొట్టుకుపోతుంది. మోకాల్లోతు నీళ్లు చాలు. ఒక చేత్తో రాయి పట్టుకుని, కాళ్లు ఆడించకుండా పది నిమిషాలు ఉండండి. పరిగెలు అనే చిన్న చేపలు ముందు చెల్లాచెదురవుతాయి, తర్వాత అవే వేళ్ల దగ్గరికొచ్చి పొడుస్తాయి. ఆ చక్కిలిగింతలకి నా కెమెరా ఓసారి జారిపోయింది కూడా.

3. జూమ్ వద్దు. చేప అడుగు దూరంలోకి వచ్చాకే నొక్కండి.

వాన పడిన వారం వెళ్లడం దండగ. ఇసుక తవ్విన గుంతలుంటాయి, ఒంటరిగా మాత్రం దిగకండి.