తప్పంతా నాదే, అమ్మది కాదు

ప్రశ్న: డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మా ఆఫీసులో ఒక పెద్దాయన కారెక్కితే చాలు, అమెరికన్ కంట్రీ (అక్కడి పల్లె బాణీ) గాయకుడు మెర్ల్ హ్యాగర్డ్ పాటలే. వాటిలో ‘మామా ట్రైడ్’ నాకూ బాగా నచ్చింది. అందులో పాడినట్టు హ్యాగర్డ్ నిజంగానే యావజ్జీవ ఖైదీనా? జైలుకెళ్లిన మనిషి అంత పెద్ద గాయకుడు ఎలా అయ్యాడు?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: యావజ్జీవ శిక్ష ఒక్కటీ కల్పన. మిగతాది చాలావరకు ఆయన బతుకే. ఇరవై ఒకటో ఏడు జైల్లో వచ్చిందని పాటలో అన్న మాటయితే అక్షరాలా నిజం.

నేను కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో పెరిగాను. అందుకేనేమో, ఆయన పేరు వింటే నాకు ముందు ఆయన పుట్టిన ఇల్లు గుర్తొస్తుంది. ఓక్లహోమా నుంచి బతుకుదెరువు కోసం కాలిఫోర్నియా వచ్చిన తండ్రి శాంటా ఫే రైల్వేలో వడ్రంగి. బేకర్స్‌ఫీల్డ్ పక్కనున్న ఆయిల్‌డేల్‌లో ఒక పాత రైలు పెట్టెను ఇల్లుగా మార్చుకున్నారు. 1937లో మెర్ల్ పుట్టేనాటికి వాళ్ల కాపురం అందులోనే. తొమ్మిదేళ్లకే తండ్రి పోయాడు. తల్లి ఫ్లోసీ ఉద్యోగానికి వెళ్లక తప్పలేదు. పిల్లాడు బడి ఎగ్గొట్టాడు, గూడ్సు బండ్లెక్కి పారిపోయాడు, చిన్నాచితకా దొంగతనాలు చేశాడు. బాల నేరస్థుల జైల్లో పెడితే అక్కణ్నుంచీ పారిపోయాడు. చివరికి 1957లో దొంగతనం చేయబోయి దొరికి, శాన్ క్వెంటిన్ జైలుకు చేరాడు. కొడుకును దారిలో పెట్టాలని ఆ తల్లి పడిన పాట్లే 1968లో ఆ పాటయ్యాయి. ఆవిడ చేయాల్సింది చేసింది, విననిది నేనే అంటాడు అందులో.

జైల్లో ఉండగా పేరున్న గాయకుడు జానీ క్యాష్ వచ్చి ఖైదీలకు కచేరీ చేశాడు. ఏళ్ల తర్వాత మెర్ల్ ఆ మాట ఎత్తితే, నువ్వు ఆ రోజు పాడినట్టు గుర్తులేదే అన్నాడట క్యాష్. పాడలేదు, వినేవాళ్లలో ఉన్నానన్నాడు మెర్ల్. జైలు సంగతి బయటపడితే జనం దూరమవుతారేమోనని ఆయనకు చాలాకాలం టెన్షన్. 1969లో తన టీవీ షోలో దాన్ని బయటపెట్టేలా ఒప్పించింది క్యాషే. జనం దూరం కాలేదు సరికదా, పాటలను ఇంకా నమ్మారు. 1972లో అప్పటి కాలిఫోర్నియా గవర్నర్ రొనాల్డ్ రీగన్ క్షమాభిక్ష ఇచ్చాడు.

ఇక పాట సంగతి. 1960లో జైలు నుంచి విడుదలయ్యాక మెర్ల్ బేకర్స్‌ఫీల్డ్ బార్లలో పాడాడు. ఆ రోజుల్లో కంట్రీ పాటల కేంద్రమైన నాష్‌విల్ రికార్డుల్లో వయొలిన్ల గుంపు, కోరస్ నిండి ఉండేవి. బార్లో డాన్సులాడేవాళ్ల సందడిలో అవి నడవవు. టెలికాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటార్, స్టీల్ గిటార్, డ్రమ్స్ ఖంగుమని మోగాలి. ఆయన పాటల్లో ఆ పదును చివరిదాకా ఉంది. మరో సంగతి నాకెంతో ఇష్టం. 1970లో ఫిడేలు విద్వాంసుడు బాబ్ విల్స్‌కు నివాళిగా ఆల్బమ్ చేయడానికి, ముప్పై దాటాక కూర్చుని ఫిడేలు నేర్చుకున్నాడు. కంట్రీ చార్టుల్లో మొదటి స్థానానికి చేరిన పాటలు 38. 2016లో సరిగ్గా తన 79వ పుట్టినరోజున కన్నుమూశాడు.

మీ పెద్దాయనను అడిగి 1967 నాటి ‘సింగ్ మీ బ్యాక్ హోమ్’ పెట్టించుకోండి. మరణశిక్షకు నడిచి వెళ్తున్న ఖైదీ, ఒక్క పాట పాడమని తోటివాణ్ని అడుగుతాడు. జైల్లో తనకు తెలిసిన మనిషినే తలచుకుని రాశాడు. విన్నాక మళ్లీ ఉత్తరం రాయండి.