లాంగ్‌టర్మ్‌లో చేర్చే ముందు ఫిజిక్స్ తప్పులు చూడండి

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ బైపీసీ అయ్యాక మొదటిసారి నీట్ రాసింది. బయాలజీలో 275, కెమిస్ట్రీలో 96, ఫిజిక్స్‌లో 60, మొత్తం 431. కన్వీనర్ కోటాలో (మెరిట్ మీద, తక్కువ ఫీజుతో ఇచ్చే సీట్లలో) ఎంబీబీఎస్ సీటు రాదంటున్నారు. లాంగ్‌టర్మ్‌లో (మళ్లీ నీట్ రాయడానికి ఇంకో ఏడాది కోచింగ్‌లో) చేర్చాలా, పొలం అమ్మి మేనేజ్‌మెంట్ సీటులో చేర్చాలా?
- ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు పొలం మాట పక్కన పెట్టండి. సీటు రాదని చెప్పినవాళ్లు మార్కులు చూసి చెప్పారా, ర్యాంకు చూసి చెప్పారా? 2024లో 720కి 720 వచ్చినవాళ్లున్నారు. 2025లో దేశంలో మొదటి ర్యాంకుకే 686. పేపర్ మారితే మార్కుల విలువ మారిపోతుంది. అందుకే ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం) లోకల్‌లో, మీ కేటగిరీలో నిరుడు చివరి సీటు ఏ ర్యాంకుకు వెళ్లిందో చూడండి. ఎలాగైనా విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ నోటిఫికేషన్ రాగానే కౌన్సెలింగ్‌కు అప్లై చేయించండి. మళ్లీ రాద్దామనుకున్నా సరే, ఇది మానొద్దు.

ఇక అసలు విషయం. అమ్మాయి ఓఎంఆర్ (జవాబు పత్రం) కాపీ, ఆన్సర్ కీ ముందు పెట్టుకుని ఫిజిక్స్ తప్పులన్నీ ఒక్కొక్కటే చూడమనండి. పద్ధతి తెలిసీ లెక్క తప్పినవి ఎన్ని? టైమ్ చాలక హడావిడిగా పెట్టినవి ఎన్ని? అసలు చాప్టరే అర్థం కానివి ఎన్ని? తప్పు పెట్టిన ప్రశ్న ఒప్పయితే నాలుగు మార్కులు కలుస్తాయి, పోయిన ఒకటి తిరిగొస్తుంది. పది ప్రశ్నలు సరిదిద్దుకుంటే 50 మార్కులు! బయాలజీ ఇంత బాగా చేసిన పిల్లకు ఇది అందని దూరం కాదు. మొదటి రెండు రకాలే ఎక్కువుంటే మళ్లీ రాయించండి, నేను గట్టిగా చెబుతాను. మూడో రకం ఎక్కువైతే, ఫస్టియర్ మెకానిక్స్ నుంచి నిదానంగా చెప్పే బ్యాచ్ దొరికితేనే చేర్చండి. రోజూ టెస్టులు పెట్టి ర్యాంకులు గోడకంటించే చోట ఆ పునాది పడదు, టెన్షన్ మాత్రం పెరుగుతుంది. ఫీజు కట్టకముందే ఈ సంగతి అడగండి.

అమ్మాయిని ఎవరూ లేనప్పుడు కూర్చోబెట్టుకుని అడగండి. "మీ ఇష్టం" అంటే ఒప్పుకున్నట్టు కాదు. ఇంకో ఏడాది హాస్టల్లో అవే పుస్తకాలు చదవాల్సింది తనే. వద్దంటే కోప్పడకండి. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కూడా రాసి ఉంటే బీఎస్సీ అగ్రికల్చర్, ఫార్మ్-డి (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) ఉన్నాయి. అగ్రికల్చర్ యూనివర్సిటీ మన గుంటూరు దగ్గర లాంలోనే ఉంది.

మేనేజ్‌మెంట్ సీటుకు తొందరపడకండి. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, ఇంటర్న్‌షిప్ ఇంకో ఏడాది, ఆపైన పీజీ. అన్నేళ్ల ఫీజులు, హాస్టల్ ఖర్చులు కాగితం మీద వేసి చూడండి. ఇంట్లో రెండో బిడ్డ ఉంటే ఆ చదువు ఖర్చు కూడా ఆ కాగితం మీదే రాయండి.