ఆఖరి ఓవర్ ఎవరికియ్యాలె?

ప్రశ్న: అన్నా నమస్తే, మా బావమరిది డల్లాస్‌ల ఉంటడు, మొన్న వచ్చినప్పుడు ఫోన్‌ల 2020 బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్ చూపెట్టిండు. మంచిగ బంతులేస్తున్న స్నెల్‌ను టాంపా బే జట్టు మేనేజర్ (అక్కడ బంతి ఎవరు వేయాల్నో చెప్పేది ఆయనే) కెవిన్ క్యాష్ నడిమిట్ల తీసేసి కప్పు పోగొట్టిండని ఇప్పటికీ తిడుతడు. నాకేమో నా సంగతే యాదికొచ్చింది. మా ఊరి టోర్నీల ఆఖరి ఓవర్‌కు 9 రన్స్ ఆపాలె, సీనియర్‌కు ఒక ఓవర్ మిగిలే ఉండె కానీ అంతకుముందు ఓవర్ల ఆయనను మూడు సిక్సులు కొట్టిన్రు, అందుకే ఇంటర్ చదివే పిల్లగానికి ఇచ్చిన, ఓడిపోయినం. అందరూ నన్నే అంటున్నరు. నాది తప్పేనా?
- ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: తమ్ముడూ, ముందు క్యాష్ సంగతి చూద్దాం. మ్యాచ్‌కు తొమ్మిది ఇన్నింగ్స్‌లు, అది ఆరోది, ఒక అవుట్, డాడ్జర్స్ మీద టాంపా 1-0 ముందటుంది, స్నెల్ అప్పటికి 73 బంతులే వేసిండు, 9 స్ట్రైకౌట్లు (బంతిని కొట్టనీయకుండ అవుట్ చేసుడు) చేసిండు, ఇచ్చింది రెండే హిట్లు. తర్వాత రావాల్సిన డాడ్జర్స్ బ్యాటర్లు బెట్స్, సీగర్, టర్నర్ ముగ్గురిని ఆ రోజు రెండేసిసార్లు స్ట్రైకౌట్ చేసి పంపిండు. అయినా తీసేసిండు, ఎందుకంటే ఒకే పిచ్చర్‌ను (బంతి వేసేటోన్ని) మూడోసారి ఆడేటప్పుడు బ్యాటర్లకు బంతి చేతికి అలవాటు పడుతది, లెక్కలు కూడా అదే చెప్తయి. అందుకని తీసుడును నేను తప్పు పట్ట. నాకు నచ్చనిది ఎవరిని తెచ్చిండనేది. నిక్ ఆండర్సన్ అప్పటికే వరుసగా ఆరు మ్యాచ్‌లల్ల రన్స్ ఇచ్చుకుంట వస్తున్నడు, అది బంతి వేయకముందే తెలిసిన ముచ్చట. రాంగనే బెట్స్ డబుల్ (రెండో బేస్ దాకా ఉరికే దెబ్బ) కొట్టిండు, కొద్దిసేపట్ల డాడ్జర్స్ 2-1, చివరికి 3-1 గెలిచిన్రు.

అట్లని ఉంచితే మెచ్చుకుంటరా అంటే అదీ లేదు. అదే బేస్‌బాల్‌ల, 2003ల యాంకీస్ మీద ఆడిన మ్యాచ్‌ల బోస్టన్ మేనేజర్ గ్రేడీ లిటిల్ ఎనిమిదో ఇన్నింగ్స్‌ల 5-2 ముందటుండి అలిసిన పిచ్చర్ పెడ్రో మార్టినెజ్‌ను ఉంచిండు, యాంకీస్ 5-5 చేసి అదనంగ ఆడిన 11వ ఇన్నింగ్స్‌ల గెలిచిన్రు, లిటిల్ నౌకరీ పోయింది.

మనదే చూడు, 2007 టీ20 వరల్డ్ కప్ ఫైనల్, జోహన్నెస్‌బర్గ్, పాకిస్తాన్‌కు ఆఖరి ఓవర్ల 13 కావాలె. హర్భజన్‌కు ఒక ఓవర్ ఉంది, కానీ మిస్బా ఆయనను ఒక్క ఓవర్ల మూడు సిక్సులు కొట్టిండు, అచ్చం నీ సీనియర్ లెక్కనే. ధోని జోగిందర్ శర్మకు ఇచ్చిండు. మొదలు వైడ్, తర్వాత డాట్, తర్వాత సిక్స్, నాలుగు బంతుల్ల ఆరు కావాలె, మా ఇంట్ల టీవీ ముందట ఒక్కలు మాట్లాడలే. మిస్బా స్కూప్ కొట్టిండు, బంతి పైకి లేచి శ్రీశాంత్ చేతుల్ల పడ్డది. అది ఇంకో పది గజాలు దాటి పోయుంటే ఇయ్యాల ధోనిని ఎట్ల తిట్టేటోళ్లమో నీకూ తెలుసు నాకూ తెలుసు.

కాబట్టి నీది తప్పు కాదనే నేనంట. సీనియర్ దెబ్బలు తిన్నడని చూసి ఇచ్చినవ్, గుడ్డిగ ఇయ్యలే. ఒక్కటి మాత్రం అడుగుత, ఆ పిల్లగాడు ఎప్పుడన్నా ఆఖరి ఓవర్ వేసిండా, యార్కర్ పడుతదని నువ్వు నెట్స్‌ల చూసినవా? చూడకుంటే తప్పు అక్కడుంది, ఓవర్ ఇచ్చిన కాడ లేదు. తిట్టేటోళ్లను కూడా అడుగు, బంతి ఇచ్చేటప్పుడు ఎవరన్నా వద్దన్నరా అని.

ఇంకోటి, ఓడిన రోజు నుంచి ఆ పిల్లగాడు గ్రౌండ్‌కు వస్తున్నడా? రాకుంటే ఇంటికి పోయి పిలుచుకరా, వచ్చే మ్యాచ్‌ల నడిమి ఓవర్ ఒకటి వానికియ్యి.