నెల్లూరులో చెత్త బండివాళ్లు తడి, పొడి కలిపేస్తుంటే ఇంట్లో వేరు చేసి ఏం లాభం?

లాభం ఉంది, కాకపోతే బండిని నమ్ముకుని కాదు. తడి చెత్త గడప దాటకపోతే వాళ్లు కలపడానికి ఏముంటుంది? మన ఊళ్ల చెత్త బరువులో సగం దాకా తడిదే. ఊరి చెత్తంతా పోసే దొంతాలి యార్డులో అది కవర్ల కింద గాలాడక కుళ్లితే మీథేన్ పుడుతుంది, ఎండాకాలం నిప్పు అంటుకుంటే ఒక పట్టాన ఆరదు.

20 లీటర్ల పాత పెయింట్ బకెట్లు రెండు చాలు. అడుగునా చుట్టూరా పెన్సిల్ పట్టేంత రంధ్రాలు పెట్టి, నీడలో రెండు ఇటుకల మీద నిలపండి. అడుగున నాలుగంగుళాల ఎండుటాకులు, పైన గ్లాసెడు పుల్లమజ్జిగ. ఇక రోజూ గిన్నెడు తొక్కలకు గిన్నెడు కొబ్బరిపొట్టో ఎండుటాకులో వేసి కప్పేయాలి. ఈ సగం వంతు పొడి వెయ్యకుండా 'కంపోస్టు కంపు' అనేవాళ్లే ఎక్కువ. వారానికి రెండుసార్లు తిరగెయ్యండి. నిండాక పక్కన పెట్టి రెండోది మొదలుపెడితే, మొదటిది 45 నుంచి 60 రోజుల్లో ఎరువవుతుంది.

పిడికెడు తీసి పిండి చూడండి. నీళ్లు కారితే పొట్టు కలపాలి, పొడిపొడిగా రాలితే నీళ్లు చిలకరించాలి. కుళ్లిన గుడ్డు వాసనంటే లోపల గాలి లేదు. ఘాటుగా ముక్కు అదిరితే పొడి తక్కువైంది. తెల్లపురుగులు కనబడితే పారబోయకండి, పైన మందంగా ఆకులు కప్పండి. పులుసు పిసికిన చింతపండు పిప్పి గట్టిగా పిండి కొద్దికొద్దిగా వెయ్యొచ్చు. చేపల తలకాయలు, పొలుసులు మాత్రం బకెట్లో వద్దు. అరటిచెట్టు మొదట్లో అడుగున్నర లోతున పూడ్చండి, తక్కువైతే కుక్కలు తోడేస్తాయి.

గాలి సంగతీ ఇంతే. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద గాలి కాలుష్యం తగ్గించాల్సిన నగరాల జాబితాలో నెల్లూరు, ఒంగోలు రెండూ ఉన్నాయి. అందరూ వాహనాల పొగనే తిడతారు, నన్నడిగితే ముందు కాలవ పూడిక సంగతి చూడాలి. తీసి గట్టునే వదిలేస్తే రెండు రోజుల్లో ఎండి, బస్సు పోయినప్పుడల్లా ఇళ్లలోకి లేస్తుంది. తడిగా ఉండగానే ట్రాక్టర్‌కెత్తాలి.

పొడి చెత్తకొస్తే, పాల కవరు మూల పూర్తిగా తెంపకండి, అంటుకునే ఉండేలా గాటు పెట్టండి. తెగిపడిన చిన్న ముక్కల్ని ఎవరూ ఏరరు, కాలవల్లోకే పోతాయి. కవరు కడిగి ఆరేసి పోగేస్తే పాత సామాన్లవాళ్లు తీసుకుంటారు. అన్నం మెతుకులు అంటితే ముట్టరు.