విడాకులా, జుడీషియల్ సెపరేషనా?

ప్రశ్న: మేడమ్, మా పెళ్లయి పదమూడేళ్లు. ఆయనది ప్రభుత్వ ఉద్యోగం. కొన్నేళ్లుగా ఇంకొకామెతో కాపురం పెట్టారు. అడిగితే చెయ్యి చేసుకునేవారు. రెండేళ్లుగా పాపతో పుట్టింట్లో ఉంటూ ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పుకుంటున్నాను. ఇప్పుడు పెద్దమనుషుల్ని పంపి, కొంత డబ్బిస్తాను, స్టాంపు పేపరు మీద సంతకం పెడితే విడాకులైపోతాయి అంటున్నారు. అమ్మేమో విడాకులొద్దు, రేపు పాప పెళ్లికి ఇబ్బంది అంటోంది. ఒక లాయరు గారు జుడీషియల్ సెపరేషన్ తీసుకోండి, పెళ్లి పెళ్లిగానే ఉంటుంది అన్నారు. ఏది మంచిది? ఈ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
- ఒక సోదరి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, ముందు ఆ స్టాంపు పేపరు మీద సంతకం పెట్టకండి. కులాచారం ప్రకారం జరిగే విడాకుల్ని హిందూ వివాహ చట్టం ఒప్పుకుంటుంది గానీ, అలాంటి ఆచారం మీ కులంలో ఎప్పటి నుంచో ఉందని కోర్టులో రుజువు చెయ్యాలి, అది చాలా కష్టం. అది లేకపోతే ఆ కాగితంతో పెళ్లి రద్దు కాదు. పైగా రేపు మీరు మనోవర్తి అడిగితే, డబ్బు పుచ్చుకుని తనంతట తనే వెళ్లిపోయిందని అదే కాగితం తెచ్చి చూపిస్తారు.

ఇక జుడీషియల్ సెపరేషన్. ఇది అదే 1955 చట్టంలోని 10వ సెక్షన్. దీనికి చూపించాల్సిన కారణాలు విడాకులకు చూపించేవే. డిక్రీ (కోర్టు తీర్పు) వచ్చాక ఆయనతో కాపురం చెయ్యాల్సిన బాధ్యత మీకు ఉండదు, కానీ భార్యాభర్తల బంధం నిలిచే ఉంటుంది, మీ ఇద్దరిలో ఎవరూ మళ్లీ పెళ్లి చేసుకోకూడదు. లాయరు గారు చెప్పింది ఇంతవరకూ నిజమే. అయితే చాలామందికి ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది: 13వ సెక్షన్‌లోని 1ఏ ప్రకారం, ఆ డిక్రీ తర్వాత ఏడాది పాటు కాపురం కలవకపోతే ఇద్దరిలో ఎవరైనా, అంటే ఆయన కూడా, దాన్నే ఆధారంగా చేసుకుని విడాకులు అడగొచ్చు. మీరు తెచ్చుకున్న డిక్రీయే ఆయనకు దారి అవుతుందన్నమాట. డిక్రీ తర్వాత కూడా మనోవర్తి ఇవ్వకుండా, ఇంకొకామెతోనే ఉంటూ వచ్చిన ఒక భర్తకు సుప్రీంకోర్టు 2001లో విడాకులు నిరాకరించింది, కాబట్టి మీరూ అడ్డుకోవడానికి అవకాశం ఉంది. కానీ అది మళ్లీ ఇంకో కేసు, ఇంకొన్నేళ్లు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆయన మారి తిరిగి రావాలన్న మాట అందులో ఒక్కటీ లేదు. మళ్లీ కలిసే ఆశ కొంచెమైనా ఉన్నవాళ్లకు, ఆలోచించుకోవడానికి సమయం కావాల్సినవాళ్లకు, మతపరంగా విడాకులకు మనసొప్పనివాళ్లకు జుడీషియల్ సెపరేషన్ నిజంగా ఉపయోగపడుతుంది. మీకు కావాల్సింది మీ బతుకుకూ పాప భవిష్యత్తుకూ భద్రత. అందుకని నేనైతే విడాకులకే వెళ్లమంటాను, కాకపోతే పోయేదేమిటో ముందే లెక్క వేసుకుని వెళ్లండి. విడాకులైతే ఆయన తదనంతరం ఆస్తిలో భార్యగా వచ్చే వాటా, ఫ్యామిలీ పెన్షన్, ఉద్యోగుల హెల్త్ కార్డు మీకు పోతాయి. సెపరేషన్‌లో భార్య హోదా ఉంటుంది కాబట్టి వారసత్వపు హక్కు మిగులుతుంది (పెన్షన్‌కు మాత్రం ఆయన శాఖ నిబంధనల్లో ఏ షరతులున్నాయో మీ లాయరు చేత చూపించుకోండి). అందుకే, ఆయన ఇస్తానంటున్న "కొంత డబ్బు" ఈ నష్టాలన్నిటికీ సరిపోతుందో లేదో చూడకుండా ఊ అనొద్దు.

పాప విషయంలో అమ్మగారి భయం అర్థమవుతోంది. కానీ తల్లిదండ్రులు విడిపోయినా కూతురు కూతురే, తండ్రి ఆస్తికి మొదటి తరగతి (అందరికన్నా ముందు వాటా వచ్చే) వారసురాలే, పెళ్లయ్యేదాకా పోషణ ఖర్చు ఆయన బాధ్యతే. మీకిచ్చే డబ్బులో పాప హక్కుల్ని కలిపేసి "ఇక ఏ క్లెయిమూ లేదు" అని రాయించుకోవాలని చూస్తారు, ఒప్పుకోకండి.

ఏ కేసు వేసినా మీరుంటున్న ఊళ్లోని కోర్టులోనే వెయ్యొచ్చు, 2003 సవరణ భార్యకు ఆ వీలు కల్పించింది. కేసు నడిచినన్నాళ్లూ 24వ సెక్షన్ కింద మధ్యంతర భరణం అడగండి. మీకు జీతం వస్తోందని చెప్పి దాన్ని పూర్తిగా కొట్టెయ్యరు, చిన్న జీతమైతే మీ ఇద్దరి ఆదాయాల తేడా చూస్తారు. ఆదాయం, ఆస్తుల వివరాలతో ఇద్దరూ అఫిడవిట్ వెయ్యాలనీ, దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే భరణం లెక్కగట్టాలనీ 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఆలస్యం చెయ్యకండి. లాయరు ఫీజు భయమైతే, మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కి ఫోన్ చెయ్యండి, లేదా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి.

పెద్దమనుషులు మళ్లీ వస్తే, ఇచ్చేదేదో కోర్టులో పరస్పర అంగీకార పిటిషన్‌లో, అంటే ఇద్దరూ ఒప్పుకుని విడాకులు అడిగే పిటిషన్‌లో, రాయమనండి. మీరు ఏడాదికి పైగా విడిగానే ఉన్నారు కాబట్టి 13బి సెక్షన్ కింద అది వెయ్యొచ్చు. పిటిషన్ వేసినప్పుడు ఇచ్చే మొదటి స్టేట్‌మెంట్‌కూ, విడాకులు ఖాయం చేసే రెండో స్టేట్‌మెంట్‌కూ మధ్యలో ఉండే ఆరు నెలల గడువును తగిన కారణం ఉంటే కోర్టు తగ్గించొచ్చని 2017 నుంచీ ఉంది. డబ్బు మొత్తం డీడీ రూపంలో మీ చేతికొచ్చాకే రెండో స్టేట్‌మెంట్ ఇవ్వండి. డిక్రీ అయ్యేలోపు ఆయన మాట తప్పితే మీ అంగీకారం వెనక్కి తీసుకునే హక్కు మీకుంది.