30 శాతం ఫ్లైయాష్ (థర్మల్ ప్లాంటు బూడిద) వేసిన ఎం30 స్లాబుకి ఏడో రోజు పరీక్ష క్యూబు బలం చదరపు మిల్లీమీటరుకి 18 న్యూటన్లే వచ్చింది, పడగొట్టించాలా?

వద్దండీ, తొందరపడకండి. ఎం30 అంటే 28వ రోజుకి 30 రావాలి. ఏడో రోజుకి అందులో మూడింట రెండొంతులు, అంటే 20 రావాలని మీ కన్సల్టెంటు అంటున్న లెక్క ఏమీ కలపని మామూలు ఓపీసీ సిమెంటు రోజులది. ఫ్లైయాష్‌కి అది పట్టదు. సిమెంటు నీళ్ళతో కలిసి గట్టిపడుతూ సున్నం వదులుతుంది. బూడిదలోని సిలికా ఆ సున్నాన్ని పట్టుకుని మళ్ళీ జిగురు కడుతుంది. ముందు సున్నం పుట్టాలి, తర్వాతే దాని పని. అందుకే మొదటి వారం వెనకబడుతుంది.

నాకూ ఇదే జరిగింది. కాకినాడ దగ్గర సముద్రం పక్కన ఒక పనిలో క్వాలిటీ చూసేవాణ్ణి. ఎం35, సిమెంటులో సగానికి సగం స్లాగ్ (ఇనుప కొలిమి చిట్టెం పొడి), పైగా డిసెంబరు. చలికి స్లాగ్ ఇంకా బద్ధకిస్తుంది. పైల్ క్యాప్ (పునాది పైల్స్ మీద పోసే దిమ్మ) క్యూబులు ఏడో రోజు 20.5 ఇచ్చాయి. పగలగొట్టమని ఒకరు, బిల్లు ఆపుతామని ఇంకొకరు. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది నా పని. అయినా పగిలిన క్యూబు లోపల ముక్క నీలిపచ్చగా కనిపించింది. స్లాగ్ కలిసి పనిచేస్తోందనడానికి అదో గుర్తు, గాలికి కొన్నాళ్ళలో ఆ రంగు పోతుంది. ఆగాం. 28వ రోజు 41, 56వ రోజు 47.

ఆ దెబ్బతో ఒక పని అలవాటు చేసుకున్నాను. ప్రతి మిక్స్‌కీ అదనంగా క్యూబులు పోసి 3, 7, 14, 28, 56 రోజులకి పగలగొట్టి నోటుబుక్కులో గ్రాఫ్ గీసేవాణ్ణి. ఉడికించే క్యూబుల పద్ధతి కూడా ఉంది, ఐఎస్ 9013 అనే భారతీయ ప్రమాణంలో. పోసిన మర్నాడు మూడున్నర గంటలు మరిగించి, చల్లార్చి పగలగొడతారు, 28న్నర గంటల్లో అంకె చేతికొస్తుంది. దాన్ని 1.64తో గుణించి 8.09 కలిపితే 28వ రోజు బలం అని అందరూ వాడే సూత్రం మా స్లాగ్ మిక్స్‌కి సరిపోలేదు. పదిహేను జతలు పోసి మా గీత మేమే గీసుకున్నాం. అప్పట్నించి పెద్దగా తప్పలేదు.

మెషీన్ లెర్నింగ్‌తో ముందే చెప్పొచ్చా అని కూడా అడిగారు. నేనూ సరదాపడ్డాను. నెట్‌లో అందరూ వాడేది 1998లో యే అనే పరిశోధకుడి పేపరుతో వచ్చిన డేటా, 1030 కాంక్రీటు బలం ఫలితాలు. సిమెంటు, స్లాగ్, ఫ్లైయాష్, నీళ్ళు, ప్లాస్టిసైజర్, కంకర, ఇసుక, వయసు, అంతే. బూడిద ఎంత మెత్తనిదో, క్యూరింగ్ నీళ్ళు ఎంత వేడో చెప్పే కాలమ్ లేదు. థర్మల్ ప్లాంటులో ఒక హాపర్ (బూడిద పోగయ్యే తొట్టి) బూడిదకీ ఇంకో హాపర్ బూడిదకీ మెత్తదనం మారుతుంది. ఆ తేడా తెలియని మోడల్ మా డిసెంబరు క్యూబుల్ని ఎక్కువ చేసి చెప్పింది. మీ సైటు అంకెలు వంద చేరాక అప్పుడు నేర్పించండి.

ఇక మన్నిక. నేను బోల్తాపడింది ఇక్కడ. అదే స్లాగ్ మిక్స్‌కి క్లోరైడ్ పరీక్ష, అంటే ఉప్పు ఎంత సులువుగా లోపలికి చొరబడుతుందో చూసేది, చేయించాం. 50 మిల్లీమీటర్ల బిళ్ళకి ఆరు గంటలు 60 వోల్టులు పెట్టి, ఎంత కరెంటు పారిందో కూలుంబుల్లో కొలుస్తారు. 28వ రోజు 1700, 90వ రోజు 800. వెయ్యి లోపు వస్తే చాలా మంచిదన్నట్టు, కాబట్టి నిశ్చింతగా ఉన్నాం. కానీ ఒక పిట్టగోడకి ట్యాంకరు రాక మూడు రోజులకే తడపడం ఆగిపోయింది. మిశ్రమ సిమెంటుకి ఐఎస్ 456 అడిగేది కనీసం 10 రోజులు, ఎండ ప్రాంతంలో 14. రెండేళ్ళ తర్వాత ఆ గోడ అంచు చెక్కి ఫినాఫ్తలీన్ (క్షారం ఉన్నచోట గులాబీగా మారే ద్రావణం) చల్లితే లోపల గులాబీ రంగు వచ్చింది, పైన 11 మిల్లీమీటర్లు మాత్రం బూడిద రంగులోనే ఉండిపోయింది. అంటే కడ్డీని తుప్పు పట్టకుండా కాపాడే ఆ క్షారం అంతమేర గాలికి పోయింది. బాగా తడిపిన పక్క గోడలో అది మూడే. రెండింటి క్యూబులూ ఒకే తొట్టిలో నానినవి, రెండూ పాసే! క్యూబు చెప్పేది తొట్టిలో నానిన కాంక్రీటు సంగతి, కడ్డీ మీద కప్పి ఉండే పొర (కవర్) సంగతి కాదు.

మీరు ఇప్పుడు చేయాల్సింది: సపోర్టులు ఇప్పుడే తీయకండి, గోనెసంచులు తడిగా ఉంచండి. 28వ రోజు సెట్టు ముట్టుకోకుండా, మిగిలిన క్యూబుల్లో మూడింటిని 14వ రోజు పగలగొట్టండి. 24 దాటితే కంగారు లేదు. 20 దగ్గరే ఆగితే మాత్రం బూడిద కాదు, నీళ్ళు అనుమానించాలి. ఆ రోజు స్లంప్ (పచ్చి కాంక్రీటు ఎంత జారుగా ఉందో చెప్పే కొలత) ఎంత రాశారో చూడండి, కాంక్రీటు కలిపే మిల్లరులో ఎవరైనా బకెట్టు అదనంగా పోశారేమో కనుక్కోండి. 14వ రోజు అంకె వచ్చాక ఇక్కడే రాయండి, చూద్దాం.